క్లాసులు మొదలవకముందే సెమిస్టర్ అంతా చదివేయాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది సత్తెనపల్లి దగ్గర ఒక ఊరు. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదివాను, తెలుగు మీడియం. ఈఏపీసెట్ రాశాను, కౌన్సెలింగ్‌లో గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ సీటు వచ్చింది. ఇంటి నుంచే కాలేజీ బస్సులో వెళ్ళి రావాలి. క్లాసులకి ఇంకా నెల పైనే ఉంది. మా పెదనాన్న గారి అబ్బాయి బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాడు. సిలబస్ పీడీఎఫ్ పంపి ఇప్పుడే ఫస్ట్ సెమ్ మొత్తం ఒకసారి అవగొట్టేయ్, సి, పైథాన్ కూడా నేర్చేసుకో, లేకపోతే వెనకబడతావ్ అంటున్నాడు. విజయవాడలో బ్రిడ్జి కోర్సు అని ఏదో చెప్తున్నారట, నాన్న డబ్బు కడతానంటున్నారు గానీ ఈ ఏడాది మిర్చికి రేటు రాలేదు, అడగాలంటే మనసొప్పట్లేదు. పోనీ నేనే చదువుదామని లెక్కల పుస్తకం తెరిస్తే అంతా ఇంగ్లీషు, మొదటి పేజీలోనే ఆగిపోతున్నా. లాప్‌టాప్ కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?

సమాధానం: అమ్మా, ముందు ఆ బ్రిడ్జి కోర్సు సంగతి తేల్చేద్దాం. కట్టొద్దు. నాన్నగారికి నేను వద్దన్నానని చెప్పు. గుంటూరులో ఫస్టియర్ పిల్లలకి లెక్కలు చెప్పే పని నాది, పల్లెటూళ్ళ నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ఎక్కడ ఆగిపోతారో రోజూ దగ్గరుండి చూస్తుంటా, ఆ ఆగే చోటు ఎవరో నెలరోజుల్లో ఐదు సబ్జెక్టులు పరిగెత్తిస్తే సరిపోయేది కాదు. ఇంట్లో కూర్చుని, నీ దగ్గర ఇప్పటికే ఉన్న పుస్తకాలతోనే సరిచేసుకునేది. అదెలాగో కాస్త వివరంగానే చెప్తా.

దానికంటే ముందు, మీ అన్నయ్య పంపిన పీడీఎఫ్ మీద ఏ రెగ్యులేషన్ రాసుందో, అంటే ఏ బ్యాచ్‌ల కోసం చేసిన సిలబసో చూడు. పాసై వెళ్ళిపోయిన వాళ్ళ దగ్గర ఉండేది చాలావరకు జేఎన్‌టీయూ కాకినాడ వాళ్ళ ఆర్20 సిలబస్, 2023లో చేరినవాళ్ళ నుంచి ఆర్23 వచ్చింది. రెండిటికీ పోలికలున్నా సబ్జెక్టుల పేర్లు, ఏది ఏ సెమిస్టర్‌లో వస్తుందనేది మారిపోయాయి. పైగా మన గుంటూరు చుట్టుపక్కల కాలేజీలు చాలావాటికి అటానమస్ ఉంది, అంటే సిలబస్ వాళ్ళదే, పరీక్ష పేపర్ వాళ్ళదే. కాబట్టి నీ కాలేజీ వెబ్‌సైట్లోకి వెళ్ళి ఫస్టియర్ సిలబస్ దించుకో, దొరక్కపోతే అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి అడుగు, చెప్తారు. ఫిజిక్స్ ముందా కెమిస్ట్రీ ముందా, ఎలక్ట్రికల్ ముందా సివిల్ మెకానికల్ ముందా అనేది బ్రాంచిని బట్టి మారుతుంది. ఇది చూసుకోకుండా చదివితే రెండో సెమిస్టర్ సబ్జెక్టు ఇప్పుడు చదువుతూ కూర్చుంటావు.

ఇప్పుడు అసలు విషయం. సెమిస్టర్ అంతా ముందే చదివేయడం అనేది వినడానికి బావుంటుంది గానీ నేను ఒప్పుకోను. చెప్పేవాళ్ళు లేకుండా, లెక్క చేసి చూపించేవాళ్ళు లేకుండా ఒక్కదానివే పరిగెత్తితే ప్రతి చాప్టర్‌లో సగం సగం అర్థమవుతుంది, ఆ సగంతో క్లాసులో కూర్చుంటే ఇది నాకు తెలిసిందేగా అనిపిస్తుంది, అనిపించగానే చెవి మూసుకుపోతుంది. కార్పొరేట్ కాలేజీల్లో ఐఐటీ కోచింగ్ తీసుకుని వచ్చిన పిల్లల్లోనే చూస్తుంటా, మొదటి రెండు వారాలు బోర్డు వంక చూడరు, మాకొచ్చులే అని, తీరా పార్షియల్ డిఫరెన్షియేషన్ దగ్గరికొచ్చేసరికి పక్కవాళ్ళ నోట్స్ కోసం తిరుగుతుంటారు. ముందుగా చదవడం అంటే సిలబస్ పూర్తిచేయడం కాదమ్మా. లెక్చరర్ మొదటిసారి చెప్పినప్పుడే నీకు అందేలా పునాది సరిచూసుకోవడం, రేపటి క్లాసుకి ఒక సందేహం జేబులో పెట్టుకుని వెళ్ళడం. ఈ రెండూ చేస్తే చాలు.

లెక్కలు తీసుకో. ఆర్23లో మొదటి సెమిస్టర్ లెక్కల పేరు లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్. పేరు చూసి కంగారు పడతారు గానీ అందులో మొదటి యూనిట్ మాత్రికలే, అంటే నీ ఇంటర్ లెక్కల పేపర్ 1ఏ. ర్యాంకు కనుక్కోవడం, గాస్ జోర్డాన్ పద్ధతిలో సమీకరణాలు సాధించడం నువ్వు చేసినవే, ఇక్కడ ఇంకాస్త ముందుకెళ్తారు. మూడో యూనిట్లో వచ్చే మీన్ వాల్యూ థీరమ్స్‌లో రోల్ సిద్ధాంతం, లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం 1బీలో ఉన్నవే. డబుల్ ఇంటిగ్రల్స్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్ అని చివర్లో వస్తాయి, అక్కడ లెక్చరర్ సింగిల్ ఇంటిగ్రల్ ఎలా చేయాలో చెప్పరు, నీకు వచ్చనే అనుకుని వెళ్ళిపోతారు, అది 2బీ. అంటే ఈ నెలరోజుల్లో నువ్వు తెరవాల్సింది బీటెక్ పుస్తకం కాదు, పాత ఇంటర్ పుస్తకాలు. మాత్రికలు, అవకలనం, సమాకలనం, ఈ మూడు చాప్టర్లు. పరీక్షకి చదివినట్టు ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పట్టొద్దు, ఎందుకు చేస్తున్నామో తెలిసేలా చెయ్యి.

ఉదాహరణకి ఒక మాత్రిక కాగితం మీద వేసుకో. మొదటి వరస 1, 2, 3. రెండోది 2, 4, 6. మూడోది 1, 1, 1. దీని ర్యాంకు ఎంత? రెండో వరసలోంచి మొదటి వరసకి రెట్టింపు తీసేస్తే మొత్తం సున్నాలు అయిపోయింది చూశావా, అంటే రెండో వరస కొత్తగా చెప్పిందేమీ లేదు, మొదటి వరసనే రెట్టించి చెప్పింది. మూడో వరసలోంచి మొదటిది తీసేస్తే 0, -1, -2 మిగిలింది, అది సున్నా కాలేదు. సున్నా కాని వరసలు రెండు, ర్యాంకు 2. ర్యాంకు అంటే నిజంగా కొత్త సమాచారం ఇచ్చే వరసలు ఎన్ని అని, అంతే. ఈ ఒక్క ముక్క మనసులో పడితే, సమీకరణాలకి ఒకే సాధన ఎప్పుడుంటుంది, అసలు సాధనే ఎప్పుడుండదు అనే సిద్ధాంతం బట్టీ పట్టక్కర్లేకుండా వస్తుంది. ఇంటర్‌లో ఇది చేసి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని ర్యాంకు అంటే ఏంటమ్మా అని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. నువ్వు ఈ నెలలో చేయాల్సిన పని ఇది, చేయగలిగినవాటికి అర్థం తెలుసుకోవడం.

ఇంగ్లీషు గురించి. నువ్వు భయపడేది నిజమైన ఇబ్బందే, కొట్టిపారెయ్యను, కానీ ఆ ఇబ్బంది ఎక్కడుందో సరిగ్గా తెలుసుకుంటే చాలా చిన్నదైపోతుంది. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి కదా, మీ జూనియర్ కాలేజీ లైబ్రరీలో లెక్కల సార్‌ని అడిగి ఇంగ్లీష్ మీడియం 1ఏ, 1బీ నెలరోజులకి తెచ్చుకో, ఇవ్వకపోతే విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో వెతుకు, తక్కువలో దొరుకుతాయి. నీ తెలుగు పుస్తకం, ఆ ఇంగ్లీష్ పుస్తకం పక్కపక్కన పెట్టుకుని, నీకు బాగా వచ్చిన చాప్టరే, అదే లెక్క, ఇంగ్లీషులో చదువు. లెక్క నీకు తెలుసు కాబట్టి బుర్ర అంతా భాష మీద పెట్టొచ్చు. కొత్త లెక్క, కొత్త భాష రెండూ ఒకేసారి మీద పడితే ఎవరైనా మొదటి పేజీలోనే ఆగిపోతారు, నీకు జరిగింది అదే, నీలో లోపం ఏం లేదు.

నిర్ధారకం అంటే డిటర్మినెంట్, అవధి అంటే లిమిట్, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్, ఫిజిక్స్‌లో వ్యతికరణం ఇంటర్‌ఫెరెన్స్, వివర్తనం డిఫ్రాక్షన్, ఇలాంటివి వారం తిరక్కుండా పట్టేస్తావు, అందరూ పట్టేస్తారు. పిల్లలు నిజంగా తడబడేది వీటి దగ్గర కాదు. వాక్యంలో మధ్యమధ్య వచ్చే చిన్న మాటల దగ్గర. ఎట్ లీస్ట్ వన్, ఎట్ మోస్ట్, సచ్ దట్, విత్ రెస్పెక్ట్ టు, ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్, ఇవి. ర్యాంకు నిర్వచనంలోనే చూడు, ఎట్ లీస్ట్ వన్ నాన్‌జీరో మైనర్ అని ఉంటుంది (మైనర్ అంటే మాత్రికలోంచి కొన్ని వరసలు, అన్నే నిలువు వరసలు తీసుకుని చేసిన డిటర్మినెంట్), తర్వాత ఎవ్రీ మైనర్ వానిషెస్ అని ఉంటుంది. కనీసం ఒక్కటైనా సున్నా కానిది ఉండాలి, ఆపై సైజువి అన్నీ సున్నా అవ్వాలి, విషయం ఇంతే. వానిషెస్ అంటే సున్నా అవుతుంది అని తెలియక మొత్తం నిర్వచనం వదిలేసిన పిల్లలు నాకు తెలుసు, లెక్కలో వాళ్ళు పక్కవాళ్ళకంటే చురుగ్గా ఉండేవాళ్ళు. విత్ రెస్పెక్ట్ టు కూడా అంతే, ఎక్స్ స్క్వేర్ వై ని విత్ రెస్పెక్ట్ టు ఎక్స్ అవకలనం చేస్తే 2 ఎక్స్ వై, విత్ రెస్పెక్ట్ టు వై చేస్తే ఎక్స్ స్క్వేర్, దేన్ని మారుతున్నట్టు చూస్తున్నాం, దేన్ని కదలకుండా పట్టుకున్నాం అనేది ఆ మాటే చెప్తుంది, అది వినిపించకపోతే జవాబు మారిపోతుంది. పార్షియల్ డిఫరెన్షియేషన్ మొత్తం ఈ మాట మీదే నడుస్తుంది. ప్రశ్నల్లో వచ్చే మాటలు కూడా రాసుకో, డిఫైన్, స్టేట్ అండ్ ప్రూవ్, వెరిఫై, డిరైవ్, ఎవాల్యుయేట్. వెరిఫై అన్నచోట సిద్ధాంతం నిరూపిస్తూ కూర్చుంటే పేజీలు నిండుతాయి, మార్కులు రావు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇలాంటి మాటలు ఎడమ పక్క, అవి వచ్చిన వాక్యం మొత్తం కుడి పక్క రాసుకో. మాట ఒక్కటే రాస్తే గుర్తుండదు. మొదటి పేజీలో ఆగిపోతున్నా అన్నావు గానీ ఏ లైను దగ్గరో రాయలేదు, ఆ లైను ఉన్నదున్నట్టు రాసి పంపు, దానికి విడిగా చెప్తా. ఇంజనీరింగ్ చదువుల్ని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ళ ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజనీరింగ్ పుస్తకాలు తెలుగులో కూడా ఉచితంగా ఉన్నాయి, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు కొన్నిటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి, అర్థం కానప్పుడు వాటిని తోడు పెట్టుకో, పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి కాబట్టి రోజూ ఒక్క పేరా అయినా ఇంగ్లీషులో చేత్తో రాయి.

ఇక సి. దీనికి లాప్‌టాప్ ఇప్పుడే అక్కర్లేదు, నిజంగానే చెప్తున్నా. ల్యాబ్‌లో కంప్యూటర్లుంటాయి, ఇంట్లో ఫోన్ బ్రౌజర్‌లో ఆన్‌లైన్ జీడీబీ లాంటి కంపైలర్ తెరిస్తే సి ప్రోగ్రాం నడుస్తుంది. కానీ మొదటి రెండు వారాలు అది కూడా ముట్టుకోకు, పెన్సిల్, తెల్ల కాగితం చాలు. 1 నుంచి 5 వరకు కూడే ఫర్ లూప్, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడ్, రాసి, పక్కన రెండు గళ్ళు గీసి, ఒకదానిలో ఐ విలువ, ఇంకోదానిలో సమ్ విలువ, లూప్ తిరిగిన ప్రతిసారీ వేసుకుంటూ పో. ఐ 1 అయితే సమ్ 1, తర్వాత 3, 6, 10, 15. లూప్ అయిపోయాక ఐ ఎంత? తరగతిలో అడిగితే ఎక్కువమంది 5 అంటారు, కాదు, 6. ఆరు అయ్యాకే, ఐదుకంటే ఎక్కువైందని కండిషన్ తప్పయింది, అప్పుడే బయటికొచ్చింది. అలాగే 5, 2 రెండూ ఇంట్ (పూర్ణాంకం) అని చెప్పి భాగిస్తే సి లో 2.5 రాదు, 2 వస్తుంది, జవాబుని ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యగా) దాచినా ముందే పోయిన ఆ అర తిరిగి రాదు. ఇలా కాగితం మీద మెషీన్ చేసే పని నువ్వు చేయడం అలవాటైతే, సెమిస్టర్ మధ్యలో పాయింటర్లు వచ్చినప్పుడు అందరూ తల పట్టుకుంటారు, నువ్వు గళ్ళు గీసుకుని కూర్చుంటావు. వీడియోలు చూసి కోడ్ ఎక్కించుకునే వాళ్ళకి చూస్తున్నప్పుడు అన్నీ అర్థమవుతాయి, ఖాళీ కాగితం ఇస్తే మొదటి లైను దాటరు.

పైథాన్ ఇప్పుడొద్దు. మీ అన్నయ్య నీ మంచికే చెప్తున్నాడు, తను ఉద్యోగంలో రోజూ చూసేది చెప్తున్నాడు, దానికి నాలుగేళ్ళుంది. మొదటి సెమిస్టర్‌లో ఉండేది సి, ఒక భాషలో లూపు, అర్రే, ఫంక్షన్ చేతికొస్తే రెండో భాష సెలవుల్లో పట్టుకోవచ్చు. రెండూ ఒకేసారి మొదలుపెడితే సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో కూడా కలగాపులగం అవుతుంది.

కాలేజీ తెరిచాక రోజూ చేయాల్సింది ఇంకొకటుంది, ఈ నెలరోజుల ప్రిపరేషన్ కన్నా దీనికే నేను ఎక్కువ విలువిస్తా. రాత్రి పడుకునేముందు రేపటి టైంటేబుల్ చూసి, కష్టంగా అనిపించే ఒక్క సబ్జెక్టు, లెక్చరర్ ఎక్కడ ఆపారో అక్కడి నుంచి రెండు మూడు పేజీలు చదువు. ఇరవై నిమిషాలు, అంతకంటే వద్దు, నువ్వు బస్సు దిగి ఇంటికొచ్చేసరికే అలసిపోతావు. హెడ్డింగులు, ఒక సాల్వ్డ్ ప్రాబ్లం, అంతే. తర్వాత పుస్తకం మూసి, ఇప్పుడు ఏం చదివానో నాలుగు లైన్లు చూడకుండా రాయి. రాయలేకపోతే ఏ లైను దగ్గర రాయలేకపోయావో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. పొద్దున క్లాసులో లెక్చరర్ ఆ గీత దగ్గరికొచ్చినప్పుడు నీ చెవులు వాటంతటవే నిక్కబొడుచుకుంటాయి, అప్పటికీ తెలియకపోతే చెయ్యెత్తు. తెలుగులో అడుగు, పర్లేదు, మా స్టాఫ్‌రూంలో ఇంగ్లీషులో అడగలేదని ఎవరూ ఏమీ అనుకోరు, అడిగే పిల్లలు దొరకడమే కరువు.

ఆ పుస్తకం మూసి రాయడం అనే భాగం మాత్రం వదిలెయ్యకు. అమెరికాలో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజీ పరిశోధకులు 2006లో ఇదే పరీక్షించి చూశారు, కొంతమంది విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, ఇంకొంతమంది ఒకసారి చదివి చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే బాగా రాశారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది, గుర్తుచేసుకుని రాసినవాళ్ళకే ఎక్కువ నిలిచింది. మనవాళ్ళు మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) ముందు రాత్రి నోట్స్ పదిసార్లు తిరగేసి అంతా వచ్చేసిందనుకుని, హాల్లో మర్చిపోయానని ఏడవడం ఇందుకే.

మిడ్ అన్నాను కదా, ఆ లెక్క కూడా తెలుసుకో. ఆర్23లో థియరీ సబ్జెక్టుకి 30 ఇంటర్నల్, 70 సెమిస్టర్ ఎండ్ పరీక్ష. రెండు మిడ్‌లు ఉంటాయి, ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ, అందుకని మొదటి మిడ్ కాస్త తగ్గితే ప్రాణం మీదికి తెచ్చుకోకు. ఎండ్ పరీక్షలో 35 శాతం, మొత్తం మీద 40 శాతం వస్తే పాస్. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, ఇది దూరం నుంచి బస్సులో వచ్చే పిల్లలకి నిజంగా ఇబ్బంది, వర్షాలప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు లెక్క చూసుకుంటూ ఉండు. అటానమస్ అయితే ఈ అంకెల్లో తేడా ఉండొచ్చు, రూల్స్ బుక్ అడిగి తీసుకో. మొదట్లో ఇండక్షన్ ప్రోగ్రాం ఉంటుంది, ఏఐసీటీఈ చెప్పినదాని ప్రకారం మూడు వారాలు. పాఠాలు ఎలాగూ ఉండవని చాలామంది ఇంట్లో ఉండిపోతారు, నువ్వు వెళ్ళు. బస్సు టైముకి ఒళ్ళు అలవాటవడానికి, లైబ్రరీ కార్డు తీసుకోవడానికి, నీలాగే తెలుగు మీడియం నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు ముగ్గుర్ని వెతుక్కోవడానికి ఆ వారాలు బాగా పనికొస్తాయి. సందేహం మొదట ఆ స్నేహితుల్ని అడగడం లెక్చరర్‌ని అడగడం కన్నా తేలిక.

కొనాల్సినవి ఇప్పుడేం కొనకు. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌కి మినీ డ్రాఫ్టర్ కావాలి, వర్క్‌షాప్‌కి యాప్రాన్ కావాలి, ఏ సెమిస్టర్‌లో వస్తాయో టైంటేబుల్ చూశాక, ఆ బస్సులోనే వచ్చే సీనియర్ అక్కల్ని అడిగితే వాళ్ళవి సగం ధరకే ఇస్తారు. పుస్తకాలు కూడా అంతే, లైబ్రరీలో లేనిదే కొను. లాప్‌టాప్ రెండో ఏడాదికి చూసుకోవచ్చు, మిర్చి రేటు బావున్న ఏడాది నాన్నగారే కొనిపెడతారు, ఈలోపు ల్యాబ్‌లో ఖాళీ గంటల్లో కూర్చోనిస్తారేమో ల్యాబ్ సార్‌ని మొదటి వారంలోనే అడిగి పెట్టుకో.